హైదరాబాద్ ఆఫీసులకు స్మార్ట్ గ్లాస్ అవసరమా?

నక్షాపని:
మేం గీస్తున్న ఆఫీసు బిల్డింగుకి పడమర వైపు ఎలక్ట్రోక్రోమిక్ గ్లాస్ (స్మార్ట్ గ్లాస్‌లో ఒక రకం) పెట్టాలని ఓనర్‌తో మాట్లాడుతున్నాను. టంగ్‌స్టన్ ఆక్సైడ్ పూత ఉంటుంది, కొద్ది వోల్టులిస్తే నీలంగా ముదురుతుంది. తేటగా ఉన్నప్పుడు ఎండ వేడిలో దాదాపు 40 శాతం లోపలికొస్తే, పూర్తిగా ముదిరాక 10 శాతం కూడా రాదు, బయట మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. ఏసీ టన్నేజీ తగ్గుతుంది. మీరేమంటారు?

పడమటిసీటు:
ముదరడానికి ఎంతసేపు?

నక్షాపని:
పెద్ద పలకలకి పది, ఇరవై నిమిషాలు.

పడమటిసీటు:
ఇరవై నిమిషాలా! మా ఆఫీసులో నా సీటు పడమర అద్దం పక్కనే. మూడు దాటిందంటే ఎండ మానిటర్ మీదే, బ్లైండ్స్ దించేసి పట్టపగలు లైట్లేసుకుని కూర్చుంటాం. అడ్మిన్‌కి ఎన్ని మెయిల్స్ పెట్టినా దిక్కులేదు. వానాకాలం మబ్బు వచ్చి పోతుంటే మీ గ్లాస్ ఎప్పుడు ముదిరేను?

విండోసీటు:
బోయింగ్ 787 విమానం కిటికీలూ అంతే, బటన్ నొక్కి ఎదురుచూడాలి.

నక్షాపని:
నిమిషాలే పట్టుకుని వేలాడకండి సార్. సూర్యుడు ఏ వేళకి ఎక్కడుంటాడో ముందే తెలుసు, ప్రోగ్రామ్ చేసి పెడతారు.

ప్లాంట్‌రూమ్:
అమెరికాలో ఈ గ్లాసే వ్యాపారంగా నడిచిన వ్యూ కంపెనీ 2024లో దివాలా పిటిషన్ వేసింది. పలక పోతే పదేళ్ల తర్వాత ఎవరిస్తారు?

పడమటిసీటు:
అసలు గోడలో గాజు ఎంత? బిల్డింగుల్లో ఎనర్జీ పొదుపు కోడ్ ఈసీబీసీ 2017 ప్రకారం మామూలు దారిలో 40 శాతం దాటకూడదు.

నక్షాపని:
70 శాతం. అయినా మొత్తం బిల్డింగు ఎనర్జీ లెక్క చూపించి పాస్ చేయించుకోవచ్చు, కోడ్‌లోనే ఉంది.

పడమటిసీటు:
అద్దాల మేడ కట్టాలని ముందే అనుకుని, దానికి మందు వెతుకుతున్నారు! ఎండని గాజుకి తగలకముందే బయట ఆపాలి. గాజు బయట నీడకి నిలువు పలకలు, అదే ఫిన్స్, పెట్టండి, గోడ పెంచండి. ఇది తెలియక కాదు మీకు.

నక్షాపని:
తెలుసండీ! ప్రతి ప్రాజెక్టులో ఫిన్స్ గీసిచ్చాను, ఖర్చు తగ్గించాలనగానే మొదట ఎగిరిపోయేవి అవే. గాజు లేకపోతే అద్దెకి ఎవరూ రారంటాడు ఓనర్. గ్లాస్‌లోనే నీడ పెడితే పీకెయ్యలేరు కదా, అందుకే పట్టుబడుతున్నాను.

ప్లాంట్‌రూమ్:
పీకక్కర్లేదు, ఆర్డర్ పెట్టేముందు మామూలు లో-ఈ గ్లాస్ (వేడిని కొంత ఆపే పూత ఉన్న, రంగు మారని గాజు) అని మార్చేస్తాడు. గాజు ఖర్చు ఆయనది, కరెంటు బిల్లు అద్దెకొచ్చిన కంపెనీది. మిగిలేది ఆయనకి కాదు, ఎందుకు పెడతాడు?

నక్షాపని:
అయితే అద్దెకొచ్చే కంపెనీతోనే ముందు మాట్లాడాలా?

పడమటిసీటు:
మాట్లాడండి. పడమర వైపు ఎవరిని కూర్చోబెడతారో కూడా అడగండి.