స్టాంపు మీద గుచ్చిన ఈ అక్షరాలు ఏ కంపెనీవో చెప్పగలరా?

పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక ఉత్తరాల కట్ట కనిపించింది, బేరమాడి నూటయాభైకి తెచ్చుకున్నాను. అందులో ఐదో జార్జి బొమ్మున్న చాక్లెట్ రంగు అణా స్టాంపులు మూడున్నాయి. రెండు విడివి, ఒకటి కవరుకే అంటుకుని ఉంది, దాని మీద సికింద్రాబాద్ ముద్ర సగమే పడింది. మూడింటికీ మధ్యలో సన్నని బెజ్జాలు. పురుగు కొట్టిందనుకుని పారేయబోయాను కూడా! కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తే ఇంగ్లిష్ అక్షరాలు. మొదటిది ‘బి’, రెండోది ‘సి’నో ‘జి’నో తేలడం లేదు, ఒక బెజ్జం సరిగా పడలేదు. ఒక స్టాంపుకి మాత్రం వెనక్కి తిప్పితేనే అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయి.

ఆఫీసు స్టాంపుల్ని స్టాఫ్ కొట్టేయకుండా కంపెనీలు ఇలా గుచ్చేవని తెలుసు. ఇలా తిరగబడితే విలువ పెరుగుతుందా, లేక స్టాంపుని బోర్లా పెట్టి గుచ్చారంతేనా? అక్షరాల ఎత్తు, బెజ్జాల లెక్క చూసి కంపెనీ పేరు పట్టుకోవచ్చా?

ఇంకోటి, విడిగా ఉన్న రెండింటిలో ఒకటి కొంచెం ముదురు రంగు. 1926లో నాసిక్‌లో అచ్చు మొదలయ్యాక వచ్చినవాటికి వాటర్‌మార్క్‌లో (కాగితంలోనే ఉండే గుర్తు) చాలా నక్షత్రాలు, అంతకుముందు లండన్‌వాటికి ఒక్కటే అంటారు కదా, నాకు వెలుతురులో ఏదీ కనిపించట్లేదు. ఆ గుర్తు తేలడానికి లైటర్ పెట్రోల్ చుక్క వేసి చూడొచ్చా, రంగు పోతుందా? కవరు మీదున్న దాన్ని మాత్రం ఊడదీయను, అడక్కండి.