లెక్కలున్నాయి, అనుభవముంది, నిర్ణయమే తేలట్లేదు: ఎవరి మాటకు ఎక్కడ బరువివ్వాలి?

మహేంద్రతనయ ఒడ్డు (ప్రశ్న):
పర్లాకిమిడి, కాశీనగర్ వైపు జీడిపిక్కలు కొనే రైతు ఉత్పత్తిదారుల కంపెనీ గురించి అడుగుతున్నాను. బోర్డులో 9 మంది. సభ్యుల్లో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సవరలు ఉన్నారు. సీఈఓ చదువుకుని జీతం మీద వచ్చిన మనిషి, ఛైర్మన్ జీడి వ్యాపారంలో తలపండినాయన. ఏటా ఒకటే తగువు: మే నెల సరుకు వెంటనే పలాస పంపాలా, ఆగస్టు దాకా గోడౌన్లో ఉంచాలా? ఒకరు ఎక్సెల్ తెరుస్తారు, ఇంకొకరు "నాకు తెలుసులే" అంటారు, మిగతా ఏడుగురు టీ తాగుతారు. నాయకుడికి వివేకం ఉండాలని పుస్తకాలన్నీ చెప్తాయి. దాన్ని మీటింగులో పనికొచ్చే పద్ధతిగా ఎలా పెట్టుకోవాలి?

తూనికరాయి:
ముందు ఆ "నాకు తెలుసులే"ని రెండు ముక్కలు చెయ్యండి. పిక్క నాణ్యత తెలియడం ఒకటి, ఆగస్టు ధర తెలియడం ఇంకొకటి. రెండూ ఒకే నోటి నుంచి ఒకే ధీమాతో వస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం.

అనుభవం మీద వచ్చే అంచనాని ఎప్పుడు నమ్మాలన్నదాని మీద డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. ఒకరు అలాంటి అంచనాని అనుమానించేవాడు, ఇంకొకరు నమ్మేవాడు. ఇద్దరూ ఒప్పుకున్నవి రెండు షరతులు: ఆ పనిలో ఒక క్రమం ఉండాలి, చేసింది తప్పో ఒప్పో మనిషికి త్వరగా తెలిసిపోతుండాలి.

నాణ్యతకి ఈ రెండూ ఉన్నాయి. గోతంలో చెయ్యి పెట్టి, పిక్కని చెవి దగ్గర ఆడించి చెప్పిన మాట అదే రోజు కటింగులో తేలిపోతుంది. బస్తాల పైనుంచీ మధ్యనుంచీ అడుగునుంచీ తీసి కలిపిన కిలో సరుకుని కోస్తారు. మంచి పప్పు బరువుకి, మచ్చ పడ్డ పప్పు బరువులో సగం కలుపుతారు. కుళ్లింది పారేస్తారు. 270 గ్రాములు వస్తే 80 కిలోల బస్తాకి 21.6 కిలోలు, అంటే 47.6 పౌండ్ల అవుట్‌టర్న్ (బస్తాకి వచ్చే పప్పు బరువు). వేలసార్లు ఇలా సరిచూసుకున్న చెయ్యి అబద్ధం చెప్పడం అరుదు. అక్కడ ఎక్సెల్ నోరు మూసుకోవాలి.

ధర సంగతి అలా కాదు. ఆఫ్రికా పంట, దిగుమతి ఓడలు, డాలరు, దసరా దీపావళి గిరాకీ, ఇవేవీ పర్లాకిమిడి సంతలో కనపడవు. ఏడాదికి ఒక్కసారే ఫలితం తెలుస్తుంది, తెలిసేసరికి మనం ఏమన్నామో మర్చిపోతాం. అక్కడ ఛైర్మన్ గారిదీ సీఈఓ గారిదీ ఒకే అజ్ఞానం, ఎక్సెల్‌లో కాస్త నీటుగా కనపడుతుంది, అంతే.

కళ్లం:
పై మాట ఒప్పుకుంటాను. ధర తెలియదు కాబట్టి "పెరుగుతుందా" అని అడగొద్దు, "ఎంత పెరిగితే మనకి గిట్టుతుంది" అని అడగండి. దానికి జవాబుంది.

బస్తా 12,000 అనుకుందాం (లెక్క కోసమే). ఏడాదికి 12 శాతం వడ్డీ చొప్పున నాలుగు నెలలకి 480. 12 శాతం తేమతో కొన్న 80 కిలోలు 8 శాతానికి ఆరితే 76.5 కిలోలు మిగులుతాయి. అంటే ఆగస్టులో 80 కిలోలకి దాదాపు 13,050 వస్తేనే గిట్టుతుంది. గోడౌన్ అద్దె, హమాలీ, గోనెలు కలపకముందే ఇది. బోర్డు ముందు పెట్టాల్సిన కాగితం ఈ ఒక్క లైనే, ఇరవై స్లైడులు కాదు.

ఇంకోటి, వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాలు, తీసుకోలేనివి వేరు చెయ్యండి. మూడో వంతు ఆపి మిగతాది అమ్మితే తప్పయినా కంపెనీ బతుకుతుంది. అప్పు తెచ్చి మొత్తం ఆపితే ఒక్క తప్పుకే మునుగుతుంది. మొదటిది సీఈఓ పది నిమిషాల్లో తేల్చెయ్యొచ్చు. రెండోదానికి రెండు మీటింగులు పట్టినా తొందరపడొద్దు.

గుణుపూర్ బండి:
కళ్లం గారూ, చిన్న సవరణ. మేలో పచ్చిగా అమ్మినా కొనేవాడు తేమకి తరుగు తీస్తాడు. ఆ 3.5 కిలోలు మొత్తం నిల్వ ఖాతాలో రాస్తే ఆపడం ఉన్నదానికంటే నష్టంగా కనపడుతుంది. వచ్చే తరుగు ఎంతో కనుక్కుని, తేడా మాత్రమే రాయాలి. అన్నట్టు అసలు ప్రమాదం బరువు కాదు, బూజు. సరిగ్గా ఆరని బస్తాలు నాలుగు మధ్యలో పడితే పక్కవి కూడా పాడవుతాయి.

నాకు టీ తాగే ఏడుగురి గురించే ఎక్కువ బెంగ. 1986 జనవరి 27 రాత్రి, అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్‌కి రాకెట్ ఇంజన్లు చేసిన కంపెనీ ఇంజనీర్లు 12 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఎగరొద్దన్నారు. పక్కకెళ్లి మాట్లాడుకుని నలుగురు మేనేజర్లు సరే అనేశారు, ఇంజనీర్లని ఓటు అడగలేదు. మర్నాడు నౌకలో ఉన్న ఏడుగురు చనిపోయారు. సమాచారం గదిలోనే ఉంది, దానికి నోరు లేకపోయింది.

కౌటిల్యుడు రాజుని ముగ్గురు నలుగురు మంత్రులతో ఆలోచించమన్నాడు: ఒక్కడైతే తోచినట్టు చేస్తాడు, ఇద్దరైతే కలిసి నిన్ను పట్టేస్తారు, లేదా కొట్టుకుని చెడగొడతారు. మీ బోర్డు పేరుకి తొమ్మిది, నిజానికి ఇద్దరు! కాబట్టి ఇలా చెయ్యండి. ఛైర్మన్ అందరికంటే చివర మాట్లాడాలి. ముందు ఒక్కొక్కరికీ చీటీ: "అక్టోబరు వచ్చింది, ఆపిన సరుకు మీద నష్టపోయాం. ఎందుకు?" రాయలేనివాళ్లు పక్కవాళ్లతో చెప్పి రాయించుకోవాలి. చీటీలు చదివేది సీఈఓ, పేర్లు చదవరు. దీన్ని ముందస్తు పోస్ట్‌మార్టం అంటారు, పైన చెప్పిన క్లైన్ ప్రచారం చేసిందే. కొండ మీద ఊళ్ల దారి వానలకి ఎప్పుడు తెగుతుందో, ఏ ఊళ్లో పిక్కలు తడిశాయో సవర డైరెక్టరుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మీటింగు ఒడియాలోనో ఇంగ్లిషులోనో నడిస్తే అది బయటికి రాదు. అనువాదానికి మనిషిని పెట్టండి, ఎజెండాలో దానికి టైమివ్వండి.

మహేంద్రతనయ ఒడ్డు:
బావుంది. రెండు సందేహాలు. ఎవరేమన్నారో రాసి పెడితే రేపు అది తిట్టుకోవడానికి కర్ర అవదా? ఆపితే పోయేది సభ్యుల డబ్బు కదా, వాళ్లు ఊరుకుంటారా?

తూనికరాయి:
అవుతుంది, ఫలితం మాత్రమే రాస్తే. అందుకే రిజిస్టరులో ఐదు గడులు పెట్టండి: తేదీ, నిర్ణయం, ఆ రోజు తెలిసినవి, తెలియనివి, ఏం జరిగితే మనసు మార్చుకుంటాం. ఉదాహరణకి "జూలై 15కి ధర 12,600 దాటకపోతే సగం అమ్మేస్తాం". లాభం వచ్చిన నిర్ణయాల్ని కూడా అంతే గట్టిగా తిరగెయ్యాలి. తప్పుడు లెక్కకి అదృష్టం తోడై లాభమొస్తే, పై ఏడు అదే పొరపాటు రెట్టింపు సరుకుతో చేస్తారు.

సభ్యుల డబ్బు సంగతికి చట్టంలోనే దారుంది. ఉత్పత్తిదారుల కంపెనీలో బోర్డు నిర్ణయించినంత ముందు ఇచ్చి, మిగిలిన ధరని తర్వాత, వాళ్లు పోసిన సరుకు నిష్పత్తిలో ఇవ్వొచ్చు. డబ్బుగానో, వస్తువుగానో, వాటాలుగానో. అయితే ఆపిన ధర ఎంతో, ఎందుకో కాటా దగ్గరే, చీటీ మీద, తెలుగులో ఒడియాలో ఉండాలి. సవర ఊళ్లలో నోటితో చెప్పాలి. జనరల్ బాడీలో మొదటిసారి వింటే, మీ లెక్క ఎంత సరైనదైనా వచ్చే ఏడు పిక్కలు దళారీ బండెక్కుతాయి.