సంఘం వెలివేస్తే ఇంటివారూ వెలివేయాలా?

మౌనసాక్షి:
పాపం కారణంగా క్రైస్తవ సంఘం తన సహవాసం నుండి తొలగించిన వ్యక్తితో సొంత ఇంటివారు కూడా మాటలు మానుకోవడం సరైనదేనా? పెద్దలు అభిప్రాయం తెలుపగలరు.

వాక్యాన్వేషి:
ఇందులో సందేహానికి తావు లేదు. సహోదరుడనిపించుకుంటూ జారత్వంలోనో లోభంలోనో కొనసాగేవానితో భోజనం కూడా చేయవద్దని బైబిలులోని మొదటి కొరింథీ 5:11లో అపొస్తలుడైన పౌలు వ్రాశాడు. మత్తయి 18 ప్రకారం ముందు ఒంటరిగా, తరువాత ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, చివరకు సంఘం ఎదుట బుద్ధి చెప్పాకే ఆ స్థితి వస్తుంది. ఇన్ని మెట్లు దాటినా లొంగనివానితో ఇంటివారు ఏమీ జరగనట్టు కలిసి తిరిగితే సంఘం తీర్పుకు విలువేముంది?

దూరపుచుట్టం:
ఆ భోజనం సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ప్రభువు బల్లా, ఇంటి భోజనమా, ముందు అది తేల్చండి. అదే పౌలు రెండవ థెస్సలొనీక 3:15లో అటువంటివానిని శత్రువుగా ఎంచక సహోదరునిగా బుద్ధి చెప్పమన్నాడు. మాటలే మానుకుంటే బుద్ధి చెప్పేదెలా?

బాటసారి:
ఈ విషయంలో ఎంతో కఠినులుగా పేరుపడిన యెహోవాసాక్షుల శాఖవారే 2024లో, తొలగించినవారిని కూటానికి ఆహ్వానించి క్లుప్తంగా పలకరించవచ్చన్నారు.

వాక్యాన్వేషి:
పలకరింపు వేరు, సహవాసం వేరు. ఇక సంఘం బయటి లోకస్థులైన పాపులను ఉద్దేశించి తాను ఆ మాట అనలేదని మొదటి కొరింథీ 5లోనే 10వ వచనంలో పౌలే వివరించాడు. లోకస్థులు ప్రభువు బల్లకు రారు కదా, కనుక అది ఇంటి భోజనమే.

పాతపుటలు:
1693లో యాకోబ్ అమ్మన్ అనుచరులు విడిపోయి అమిష్ అనే క్రైస్తవ శాఖగా ఏర్పడడానికి ఒక ప్రధాన కారణం ఈ భోజనపు తగవే. అయితే వారు అంగీకరించే 1632 నాటి డోర్డ్రెక్ట్ విశ్వాస ప్రకటన వెలిని ఆదేశిస్తూనే, వెలిపడినవాడు ఆకలితోనో జబ్బుతోనో ఉంటే ఆదుకొని తీరాలంటుంది.

దూరపుచుట్టం:
సరే, ఇంటి భోజనమే అనుకుందాం. మా అక్క చేసిన పాపం ఏమిటో ఎవరూ అడగలేదేం? కానుకల లెక్కలు చూపమని పెద్దలను నిలదీసింది, అంతే. దానికి ‘తిరుగుబాటు’ అని పేరుపెట్టి ఆదివారం ఆరాధనలో తొలగింపు చదివారు. మా నాన్నగారి భూస్థాపన నాడు అమ్మ పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా, అక్క చివరి వరుసలో ఒంటరిగా కూర్చుంది. మీ వంటి రాతిగుండెల వారు వచనాలు లెక్కపెట్టుకుంటూ ఉండండి.

వాక్యాన్వేషి:
రాతిగుండె అన్నారు కనుక చెబుతున్నాను. మా చెల్లెలి చేయి విరగ్గొట్టిన ఆమె భర్త ఈనాటికీ సంఘంలో పాటలు నడిపిస్తున్నాడు. క్షమించి సర్దుకోమని ఆమెకే ప్రార్థన చేసి పంపారు. అతనికి ఏ ఇంటి తలుపూ మూసుకోలేదు. వెలి ప్రేమలేని పని అనే ప్రతివారూ నాకు అతని పక్షాన నిలబడినట్టే కనిపిస్తారు.

దూరపుచుట్టం:
అయితే మన తగవు భోజనం గురించి కాదండీ. మీ చెల్లెలి భర్తను ఉంచుకున్నవారూ, మా అక్కను గెంటినవారూ ఒకే కోవకు చెందిన పెద్దలు. ఆ అధికారం వారి చేతిలోనే ఉండాలంటారా?

వాక్యాన్వేషి:
ఉండకూడదు. మత్తయి 18లో ‘సంఘమునకు తెలియజెప్పుము’ అని ఉంది కనుక సంఘమంతా విని తీర్మానించాలి. వెలినే ఎత్తివేయాలంటే మాత్రం ఒప్పుకోను.

మౌనసాక్షి:
నా ప్రశ్న మిగిలిపోయింది. సంఘమంతా న్యాయంగానే తీర్మానించినా, అతని తల్లి అతనితో మాట్లాడవచ్చా?

వాక్యాన్వేషి:
తల్లి మాట్లాడవచ్చు, అన్నమూ పెట్టవచ్చు. పాటలు మాత్రం నడిపించనివ్వకూడదు.

దూరపుచుట్టం:
అంటే పదకొండవ వచనాన్ని ఇప్పుడు మీరే సడలించారు.