బోస్టన్‌లో (లింకన్‌షైర్) కుటుంబంతో ఉండొచ్చా? సేఫేనా?

కొత్తగా_వచ్చేవాడు:
అందరికీ నమస్తే. మా ఆవిడకి బోస్టన్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. అమెరికాలోది కాదు, ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్‌లో ఉన్న చిన్న ఊరు. మా మామగారు మాత్రం ఇప్పటికీ అమెరికా అనే చెప్పుకుంటున్నారు, వదిలేయండి. ఊరి గురించి వెతికితే మొదట కనపడేది 'ఇంగ్లండ్‌లో హత్యలు ఎక్కువ జరిగే ఊరు' అన్న వార్త. పాపకి ఆరేళ్లు. ఆఫర్‌కి ఈ వారంలోనే జవాబివ్వాలి. ఇంట్లో అందరికీ టెన్షన్. అక్కడున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

క్రాయిడన్_కుర్రాడు:
లండన్ దగ్గర్లో చూసుకోండి బ్రో. ఆ పల్లెటూళ్లలో సాయంత్రం అయిదు దాటితే మనిషి కనపడడు.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
నేను ఉండేది బోస్టన్‌లోనే, చాలా ఏళ్లుగా. ముందు ఆ హత్యల వార్త సంగతి తేల్చేద్దాం. అది 2016 నాటిది. హత్యల్నీ హత్యాయత్నాల్నీ ఒకటిగా కలిపి, లక్ష జనాభాకి ఎన్ని అని లెక్కగట్టి పత్రికలు పెట్టిన హెడ్డింగ్. 2021 సెన్సస్ ప్రకారం ఈ బరో (ఊరి కౌన్సిల్ పరిధి) జనాభా 70 వేల పైచిలుకు. అంటే ఇక్కడ ఒక్క కేసు పెరిగినా లక్షకి లెక్క దాదాపు ఒకటిన్నర పెరుగుతుంది. శనివారం రాత్రి పబ్ బయట ఇద్దరు తాగుబోతులు కత్తులు దూసుకుంటే చాలు, ఆ ఏడాది మా ఊరు లండన్‌ని దాటేస్తుంది. చిన్న ఊరికి లక్ష లెక్క వేస్తే ఇలాగే ఉంటుంది. పైగా పదేళ్ల కిందటి వార్త ఇంకా గూగుల్‌లో మొదటే వస్తోంది.

ఇక పోలీస్ డాట్ యూకే మ్యాప్. 2011 నుంచి ఉంది, వీధుల వారీగా నేరాల్ని చుక్కలుగా చూపిస్తుంది. దాన్ని చూసి ఇల్లు వెతుక్కునేవాళ్లకి ఒక మాట. బాధితుల ఇల్లు తెలియకూడదని ఆ చుక్కని నేరం జరిగిన చోట కాకుండా దగ్గర్లోని ఒక నిర్ణీత బిందువు మీద పెడతారు. అందుకే సూపర్‌మార్కెట్, కార్ పార్కింగ్, పార్క్ దగ్గర చుక్కలు కుప్పగా కనపడతాయి. 'హింస' అన్న పద్దులో కూడా గాయం లేని గొడవలు, వేధింపులు, బెదిరింపు మెసేజ్‌లు అన్నీ కలుస్తాయి.

మా పిల్లలు ఇక్కడే నడిచి స్కూలుకి వెళ్లారు. ఏమీ కాలేదు.

పల్నాడు_టు_ప్రెస్టన్:
బోస్టన్‌లో గ్రామర్ స్కూళ్లు (పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ స్కూళ్లు) ఉన్నాయి కదా? ఆ పరీక్షకి, అదే ఎలెవెన్ ప్లస్‌కి, కోచింగ్ దొరుకుతుందా?

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
ఉన్నాయి. బోస్టన్ గ్రామర్, బోస్టన్ హైస్కూల్. లింకన్‌షైర్‌లో సెలెక్టివ్ స్కూళ్లు ఇంకా నడుస్తున్నాయి. దాని గురించి వేరే థ్రెడ్ పెట్టండి.

రాత్రి_డ్యూటీ:
బాబాయ్ గారూ, లక్షకి ఎన్ని అన్న లెక్క నాకు బస్టాపులో పనికిరాలేదండీ. నేను కేర్ వర్కర్‌ని. మీ కౌంటీలోనే ఇంకో చిన్న ఊరు, పేరు చెప్పను. చివరి క్లయింట్ ఇంటి నుంచి బయటపడేసరికి రాత్రి పది దాటుతుంది, ఆ వేళకి బస్సు ఉండదు. నడుస్తుంటే సైకిళ్ల మీద కుర్రాళ్లు, మొహాలకి మాస్కులు, గుడ్లు విసిరారు. మొదటిసారి నవ్వుకున్నా. తర్వాత సీసా విసిరారు, కాలి దగ్గర పగిలింది. కంప్లయింట్ ఇస్తే క్రైమ్ నంబర్ వచ్చింది. కొన్నాళ్లకి ఆధారాలు దొరకలేదు, కేసు మూసేశాం అని మెయిల్. మా మేనేజర్‌కి చెబితే 'టాక్సీలో వెళ్లు' అంది. డబ్బులు మాత్రం ఇవ్వనంది.

మీ మ్యాప్‌లో నాది ఒక చుక్క. మొదటి రెండుసార్లు నేను చెప్పనే లేదు కాబట్టి అవి చుక్కలు కూడా కావు.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
మీకు జరిగింది బాధాకరం. కానీ అది బోస్టన్ కాదు కదా. అడిగిన ప్రశ్న బోస్టన్ గురించి.

ఇక చెప్పని నేరాల సంగతి. అందుకే ఓఎన్‌ఎస్ (ప్రభుత్వ గణాంకాల ఆఫీసు) వాళ్లు విడిగా క్రైమ్ సర్వే చేస్తారు. ఇళ్లకి వెళ్లి, పోలీసులకి చెప్పినా చెప్పకపోయినా మీకేం జరిగింది అని అడుగుతారు. 1980ల మొదటి నుంచి నడుస్తోంది. దాని ప్రకారం హింసా, ఇళ్ల దొంగతనాలూ 1990ల మధ్యలో శిఖరానికి చేరి తర్వాత బాగా తగ్గాయి. దేశమంతా ఇదే తీరు. ఊరంతా కత్తులే అన్నట్టు మాట్లాడేవాళ్లు ఇది చదవాలి.

క్రాయిడన్_కుర్రాడు:
సర్వేలో ఊరి పేరుతో లెక్కలు ఇవ్వరు బాబాయ్. దేశం మొత్తం తగ్గితే మీ ఊళ్లో తగ్గినట్టా? పోలీసుల లెక్క సంగతీ అంతే. పోలీసులకి చెప్పిన నేరాల్లోనే దాదాపు అయిదో వంతు, 19 శాతం, అసలు నమోదే కావట్లేదని 2014లో పోలీసుల్ని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరేట్ తేల్చింది. ఆ ఏడాదే పోలీసు లెక్కలకి 'నేషనల్ స్టాటిస్టిక్స్' ముద్ర, అంటే నమ్మదగ్గ లెక్క అన్న గుర్తింపు, కూడా తీసేశారు. తర్వాత రాసుకోవడం మెరుగైంది, అంకెలు పెరిగాయి. ఇప్పుడు పెరిగింది నేరమా, రాతకోతలా? ఎవరికి వాళ్లు కావలసింది లాక్కుంటారు.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
నేనూ అదే అంటున్నా.

క్రాయిడన్_కుర్రాడు:
కాదు, మీరు సేఫ్ అంటున్నారు. నేను తెలియదు అంటున్నా.

లీస్టర్_పిన్ని:
హత్యలూ సీసాలూ సరే, అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. బంగారం. మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలందరికీ తెలుసు. దీపావళి ముందు పోలీసులు గుళ్లలో కాగితాలు పంచుతారు, బంగారం ఇంట్లో పెట్టుకోకండి అని. అత్తగారిచ్చిన కాసులపేరు కదా అని సూట్‌కేసులో తెచ్చి బీరువాలో పెట్టారనుకో, పోతే ఇన్సూరెన్స్ వాడు ఒక్కో వస్తువుకి ఇంతే అని పరిమితి చూపిస్తాడు. ముందే వివరంగా రాయించుకోకపోతే పెద్దగా ఏమీ రాదు. మా చుట్టాలింట్లో పెళ్లికెళ్లి వచ్చేసరికి తాళం పగలగొట్టి మొత్తం ఊడ్చేశారు. తాళిబొట్టూ చెవులవీ తప్ప మిగతాది అక్కడే బ్యాంకు లాకర్లో పెట్టి రా అమ్మా. చిన్న ఊళ్లోనే ఇలాంటి దొంగతనాలు ఎక్కువ.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
పిన్నీ, మీరు ఉండేది లీస్టర్, నగరం. చిన్న ఊళ్లో ఎక్కువ అని ఏ లెక్క చెప్పింది? బోస్టన్‌లో ఉన్న తెలుగు ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడి దొంగకి కాసులపేరు అంటే ఏంటో తెలియదు.

లీస్టర్_పిన్ని:
దొంగకి పేరుతో ఏం పని బాబూ, పచ్చగా ఉంటే చాలు. ఏషియన్ గోల్డ్ అని వాళ్లకి విడిగా మార్కెట్టే ఉంది.

పల్నాడు_టు_ప్రెస్టన్:
ఇళ్ల దొంగతనం అయితే పోలీసు ఇంటికి వచ్చి తీరాలని 2022లో అన్ని పోలీసు ఫోర్సులూ ఒప్పుకున్నాయి. సీసా విసిరితే రారు. అంతే తేడా.

హౌన్‌స్లో_రాజు:
అసలు కారణం ఎందుకు దాస్తారు? ఆ ఊరి నిండా తూర్పు యూరప్ వాళ్లు. కాయగూరల ప్యాకింగ్‌కి వచ్చి వీధుల్లో తాగుతారు. అందుకే కదా కౌన్సిల్ ఊరి మధ్య తాగొద్దని ఆర్డర్ పెట్టింది. వెస్ట్ స్ట్రీట్ చూశారా ఎప్పుడైనా?

రాత్రి_డ్యూటీ:
రాజు గారూ, నా మీద గుడ్లు విసిరినవాళ్లు పక్కా ఇంగ్లీషులో తిట్టారు. తర్వాత నెలంతా నాతోపాటు నడిచి దిగబెట్టింది మాతో పనిచేసే లిథువేనియా అమ్మాయి. వాళ్ల గురించి మీరు అన్న మాటే ఇక్కడివాళ్లు మన గురించి అంటారు. 2016 బ్రెగ్జిట్ రెఫరెండంలో దేశంలో అన్నిటికంటే ఎక్కువగా, 75.6 శాతం, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదాం (లీవ్) అని ఓటేసింది బోస్టన్. ఎవర్ని చూసి ఓటేశారో, ఆ లైన్లో మీరూ నేనూ కూడా ఉన్నాం.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
ఓటుకీ నేరానికీ సంబంధం ఏంటి? లీవ్‌కి ఓటేసిన ముసలాయనే నాకు మంచులో కారు నెట్టి పెట్టాడు. రాజకీయం కలపకండి.

రాత్రి_డ్యూటీ:
2024 ఆగస్టులో, సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల్ని పొడిచి చంపిన తర్వాత, వలసవాళ్ల మీద అల్లర్లతో ఊళ్లకి ఊళ్లు రగిలినప్పుడు సంబంధం తెలిసింది. టామ్‌వర్త్ కూడా చిన్న ఊరే. అక్కడ శరణార్థులున్న హోటల్‌కి నిప్పు పెట్టబోయారు. ఆ వారం మేం డ్యూటీకి గుంపుగా వెళ్లాం, బయట ఫోన్లో తెలుగు మాట్లాడలేదు. ఏ లెక్కలో పడుతుంది ఇది? నేరం కాదు కదా.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
టామ్‌వర్త్ బోస్టన్ కాదు. మళ్లీ అదే.

హౌన్‌స్లో_రాజు:
బోస్టన్ కాదు, బోస్టన్ కాదు అంటారేంటి? 2022 జూలైలో బోస్టన్ నడిబొడ్డున వీధిలో ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల పాపని పొడిచి చంపలేదా? దాన్నీ లక్షకి లెక్కేస్తారా? ఇతనికీ ఆరేళ్ల పాప ఉంది.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
ఆ పాప పేరెత్తి వాదన గెలవాలని చూడకు. ఆ సాయంత్రం నువ్వు హౌన్‌స్లోలో ఉన్నావు, నేను ఇక్కడ ఉన్నాను. మేం పూలు పెట్టి వచ్చాం, మా అమ్మాయి ఆ వారం అంతా నిద్రపోలేదు. అది లిథువేనియా కుటుంబం. ఇందాక నువ్వు తిట్టిపోసింది వాళ్లనే. ఒక పోస్టులో వాళ్లే నేరస్తులు, ఇంకో పోస్టులో వాళ్ల బిడ్డ నీకు సాక్ష్యం. సిగ్గుండాలి.

హౌన్‌స్లో_రాజు:
నోరు అదుపులో పెట్టుకోండి. అక్కడ ఇల్లు కొన్నారు కాబట్టి రేటు పడిపోతుందని బాధ. అందరికీ తెలుసు.

మోడరేటర్:
ఇద్దరూ ఆగండి. వ్యక్తిగత దూషణ ఇంకొకటి వస్తే థ్రెడ్ మూసేస్తాను.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
అవును, ఇల్లు కొన్నా. తప్పా? లండన్‌లో మీరు సింగిల్ రూముకి కట్టే అద్దె కంటే నా ఈఎంఐ తక్కువ. కానీ బాధ రేటు గురించి కాదు. ఇక్కడికి రావాలనుకున్న ప్రతి తెలుగువాళ్లనీ ఇదే ఫోరమ్‌లో మీరంతా భయపెట్టి వెనక్కి పంపిస్తారు. డాక్టర్ దంపతులు ఒకరు అన్నీ కుదిరాక ఆ హత్యల వార్త చూసి మానుకున్నారు. సంక్రాంతికి మా ఇంట్లో భోజనానికి పిలవడానికి మనుషులు లేరు. మా ఆవిడ ముగ్గు వేసి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది. చూసేవాళ్లంతా హైదరాబాద్‌లోనే.

రాత్రి_డ్యూటీ:
మీ పరిస్థితి అర్థమైంది బాబాయ్ గారూ. కానీ మీరు పిలుస్తున్నది ఎవరినో కూడా చూడండి. మీకు పీఆర్ ఉంది, కారుంది, ఇంటి నుంచే పని. నచ్చకపోతే రేపు అమ్మేసి వెళ్లగలరు. నా వీసా మా ఏజెన్సీ స్పాన్సర్‌షిప్ మీద ఉంది. ఆ ఉద్యోగం వదిలితే సాధారణంగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేకపోతే దేశం వదలాలి. అందుకే సీసా పగిలిన మర్నాడు కూడా అదే రోడ్డు మీద నడిచా. 'నచ్చకపోతే వేరే ఊరు చూసుకో' అని పోయిన ఏడాది ఇక్కడే ఒకరు రాశారు, మీరు లైక్ కొట్టారు. నాకింకా గుర్తుంది.

మీరు అబద్ధం చెప్పారని నేను అనట్లేదు. మధ్యాహ్నం మూడింటికి కారులో వెళ్తే మీరు చెప్పిన ఊరే కనపడుతుంది. ఈయన భార్య వచ్చేది షిఫ్టులకి. ఆమెకి ఆ ఊరు కాదు, రాత్రి తొమ్మిదికి ఆ రోడ్డు కావాలి.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
ఆ లైక్ సంగతి గుర్తులేదు. కొట్టే ఉంటాను.

రాత్రి రోడ్డు గురించే అడిగితే చెబుతాను. హాస్పిటల్ సిబ్సీ రోడ్ మీద, ఊరికి ఉత్తరాన. దాని దగ్గర్లోనే ఇల్లు తీసుకోండి. ఊరి మధ్య, మార్కెట్ ప్లేస్ చుట్టుపక్కల, అద్దె తక్కువ అని ఫ్లాట్ తీసుకోకండి. శుక్ర, శనివారాలు పబ్బులు మూసే వేళ ఆ చుట్టూ గోల. సెంట్రల్ పార్క్ గుండా చీకటి పడ్డాక నేనూ అడ్డదారి పడను. లింకన్‌షైర్ పోలీసులది చాలా పెద్ద కౌంటీ, తలకి వచ్చే నిధులు దేశంలోనే తక్కువల్లో ఒకటి. కాబట్టి అత్యవసరం కాని పోలీసు నంబర్ 101కి చేసి వెంటనే వస్తారని కూర్చోకండి. ప్రాణాల మీదికి వస్తే 999.

క్రాయిడన్_కుర్రాడు:
ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే సరిపోయేది కదా బాబాయ్.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
మొదటి పోస్టులో హత్యల గురించి అడిగారు. హత్యల గురించి చెప్పాను.

కొత్తగా_వచ్చేవాడు:
అందరికీ థ్యాంక్స్. మా ఆవిడ మొత్తం చదివింది. తను అడిగేవి రెండే. ఇండియా లైసెన్స్‌తో అక్కడ కారు నడపొచ్చా? షిఫ్టు ఎన్నింటికి అయిపోతుంది?

రాత్రి_డ్యూటీ:
ఇండియా లైసెన్స్‌తో వచ్చిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు. కాబట్టి లైసెన్స్ లేకపోతే విమానం ఎక్కేలోపే తీసుకోమనండి. నేను తీసుకోలేదు. 12 నెలలు అయ్యేలోపే ఇక్కడి టెస్ట్ పాసవ్వాలి, డేట్లు దొరకడం కష్టం, దిగిన వెంటనే ప్రొవిజనల్‌కి (ఇక్కడి లెర్నర్ లైసెన్స్‌కి) అప్లై చేయండి. వార్డులో షిఫ్టులు మామూలుగా పన్నెండు గంటలవి. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు, స్టాఫ్ పార్కింగ్ పర్మిట్ ఇస్తారా, ఇవన్నీ ఆఫర్‌కి జవాబిచ్చేముందే మెయిల్‌లో అడగండి. నోటిమాటలు నమ్మొద్దు.

లీస్టర్_పిన్ని:
బంగారం సంగతి మర్చిపోకండి.

ఫెన్‌ల్యాండ్_బాబాయ్:
దిగాక నాకు మెసేజ్ పెట్టండి, ఇళ్లు చూపిస్తాను. పిన్నీ, చిన్న ఊళ్లో దొంగతనాలు ఎక్కువ అన్నదానికి లెక్క ఇంకా చూపించలేదు మీరు.