అక్కకు బరువు తగ్గే ఆపరేషన్ అంటున్నారు: స్లీవా, బైపాసా?

ప్రశ్న:
మా అక్కకు 38 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. ఆరేళ్లుగా షుగరు ఉంది, ఈ మధ్య ఇన్సులిన్ కూడా మొదలుపెట్టారు. రాత్రి గురక. పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నుతుంది. డాక్టరు గారు బేరియాట్రిక్ సర్జరీ గురించి ఆలోచించమన్నారు. అమ్మ భయపడి వద్దంటోంది. బావగారేమో "కొవ్వు తీయించేస్తే సరిపోతుంది కదా" అంటున్నారు. చేయించుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు:
ముందు మీ బావగారికి చెప్పండి, ఇది కొవ్వు తీసే ఆపరేషన్ కాదు. చర్మం కింది కొవ్వును పీల్చేది లైపోసక్షన్, అది వేరు. ఇక్కడ మార్చేది జీర్ణాశయాన్ని. నాకు 2020లో స్లీవ్ చేశారు. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, అరటిపండంత సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరే భాగం కూడా దానితోనే పోతుంది. అందుకే మొదటి నెలల్లో నాకు ఆకలన్నదే తెలియలేదు. బైపాస్‌లో ఏదీ తీసేయరు. పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, చిన్నపేగును దానికి కలుపుతారు.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపిన మాట ఆ పులుపు. స్లీవ్ తర్వాత జీర్ణాశయం ఇరుకై లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆమ్లం పైకి తన్నడం ఎక్కువవుతుంది. నాకు ఆపరేషన్‌కు ముందు గుండెల్లో మంట లేదు, ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. ముందే ఆ బాధ ఉన్నవారికి సాధారణంగా బైపాస్ వైపే మొగ్గుతారు. ఎండోస్కోపీ చేయించకుండా ఏ ఆపరేషన్ అన్నది తేల్చుకోవద్దు. షుగరు తగ్గే విషయంలోనూ బైపాస్‌దే కొంత పైచేయి.

మీ అక్కగారి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, సుమారు 41.7. పైగా షుగరు. డాక్టరు గారు ఊరికే చెప్పలేదు. గురక ఉంది కాబట్టి మత్తు ఇచ్చే ముందు నిద్రలో శ్వాస ఆగిపోతోందేమో పరీక్ష చేయించాలి.

ఆపరేషన్ చిన్న రంధ్రాల ద్వారానే చేస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అదే రోజో మర్నాడో నడిపిస్తారు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. అసలు పని ఇంటికి వచ్చాకే. మొదటి వారం నీళ్లు తాగడానికి నేను దగ్గు మందు సీసా మీది మూతను వాడాను. ఒక మూత, కొద్దిసేపు ఆగడం, మళ్లీ ఒక మూత. సాయంత్రానికి లీటరు పూర్తయితే పండగ. తర్వాత పలచని మజ్జిగ, పప్పుకట్టు, ప్రోటీన్ పొడి కలిపిన పాలు. మూడో వారం నుంచి మెత్తగా చిదిమినవి. మామూలు తిండికి దాదాపు రెండు నెలలు. మా అమ్మ అటక మీది నుంచి నా చిన్నప్పటి ఉగ్గుగిన్నె దింపింది. అందులో సగం ఇడ్లీ నలిపి, టీ చెంచాతో ఇరవై నిమిషాలు తిన్నాను. ఇంకొక్క చెంచా అని బతిమాలి పెట్టింది, అంతా వాంతి అయింది. ఆరోజు అమ్మ ఏడ్చింది. అందుకే మీ అమ్మగారిని ఇప్పుడే డైటీషియన్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. కొసరి వడ్డించే అలవాటు ఆ ఇంట్లో ఆగాలి.

అన్నం తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఎడం ఉండాలి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, కాబట్టి కంచంలో ముందు గుడ్డో పనీరో చేపో, చివరగా అన్నం. బీ12, ఐరన్, క్యాల్షియం, డి విటమిన్ జీవితాంతం. బాగానే ఉన్నాను కదా అని రెండో ఏట నేను మానేశాను. పాదాల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఇంజెక్షన్లతో తగ్గడానికి నెలలు పట్టింది.

ప్రశ్న:
చాలా ధన్యవాదాలండీ. ఎంత తగ్గుతుంది? జుట్టు రాలుతుందని అక్క దిగులు పడుతోంది. ఇన్సూరెన్స్ వస్తుందా? మరో బిడ్డ కావాలని కూడా అనుకుంటున్నారు.

జవాబు:
మొత్తం బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గడం సాధారణం. అంటే మీ అక్కగారు ఏడాదిన్నరలో 70, 78 కిలోల మధ్యకు రావచ్చు. తర్వాత కొన్ని కిలోలు తిరిగి వస్తాయి. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది, నాకు దువ్వెన నిండా వచ్చేది. మాంసకృత్తులు, ఐరన్ సరిగ్గా ఉంటే చాలామందికి ఏడాదిలోపు తిరిగి మొలుస్తుంది. గర్భం మాత్రం 12 నుంచి 18 నెలలు ఆపాలి. బరువు తగ్గుతుంటే గర్భం తేలికగా నిలుస్తుంది, అందుకని గర్భం రాకుండా ఏ పద్ధతి వాడాలో డాక్టరు గారిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇన్సూరెన్స్‌కు బీఎంఐ 40 దాటడం, లేదా 35తో పాటు అదుపులో లేని షుగరు వంటివి ఉండటం బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. వేచి ఉండాల్సిన కాలం పాలసీ కాగితంలో చూడండి. ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే చేరండి.

ఇంకొకటి, ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి: నాడి వేగంగా కొట్టుకోవడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, కాలి పిక్క వాపు. కుట్టు దగ్గర లీకు, రక్తం గడ్డకట్టడం ఇలాగే బయటపడతాయి. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి. వాంతులు ఆగకపోయినా అంతే. బైపాస్ అయితే ఒళ్లు నొప్పుల మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు, లోపల పుండ్లు పడతాయి.