షుగర్ పుండు ఎముకకు చేరితే యాంటీబయాటిక్ ఎన్నాళ్లు?

ప్రశ్న: కాలి బొటనవేలి ఎముకకు ఇన్ఫెక్షన్. ఎముక తీయలేదు, మందులు మొదలై 6 వారాలైంది. ఎరుపు, చీము పోయాయి కానీ పుండు మూసుకోలేదు. మానేదాకా మాత్రలు వాడాలా?

జవాబు 1: అక్కర్లేదండి. యాంటీబయాటిక్ ఇన్ఫెక్షన్‌ను తగ్గిస్తుంది, పుండును మాన్పదు. ఎముక తీయకపోతే సాధారణంగా 6 వారాలు. కొంత తీశాక మిగిలిన ఎముక అంచు కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) క్రిమి కనిపిస్తే 3 వారాల వరకు. చెడ్డ ఎముకంతా తీసేస్తే కొద్ది రోజులు చాలు. పుండు మానడం లేదంటే ముందు పాదానికి రక్తం అందుతోందా, నడిచేటప్పుడు బరువు దాని మీదే పడుతోందా చూపించండి. చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. మాత్రలు ఆపేది మాత్రం డాక్టర్ పాదం చూశాకే.

జవాబు 2: ఎక్స్‌రే చూసి కంగారుపడి పొడిగించకండి, అందులో మార్పులు అసలు పరిస్థితి కంటే వారాల తరబడి వెనకబడతాయి. ఇన్ఫెక్షన్ తగ్గలేదనిపిస్తే ఎముక ముక్కకే కల్చర్ చేయించాలి. పైపైన దూదిపుల్లతో తీసింది దారి తప్పిస్తుంది.

జవాబు 3: వాడే యాంటీబయాటిక్ లినెజోలిడ్ అయితే వారం వారం సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) తప్పనిసరి, 2 వారాలు దాటాక ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతుండగా మడమ వెనక నొప్పి వస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. మందు ఆపాక 6 నెలలు తిరగబెట్టకపోతేనే తగ్గినట్టు లెక్క.