దుంగలు, చిప్స్ (కాగితానికి వాడే చెక్క ముక్కలు) దిగుమతి మీద సుంకం వేస్తే మన జామాయిల్ రైతు బతుకుతాడా?

దేవరకొండ రైతు:
నాలుగేండ్లు సాకిన ఆరెకరాల జామాయిల్ తోట పోయిన నెల కొట్టించాను. దళారి మొదట టన్నుకు 5,800 అన్నాడు, లారీలు రోడ్డెక్కాక 4,900 చేతిలో పెట్టాడు. ఇదేందని అడిగితే "వియత్నాం చిప్స్ ఓడల్లో దిగుతున్నాయి, మీ కట్టె ఎవరికి కావాలి" అన్నాడు. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే ఆ చిప్స్ టన్ను 150 డాలర్ల చుట్టూ ఉంది. డాలరుకు 85 వేసుకున్నా 12,750. వాళ్ల చెక్కకు అంత, నా చెక్కకు 4,900? రష్యా 2022 జనవరి నుంచి ముడి దుంగలు బయటికి పోకుండా ఆపింది. మయన్మార్ 2014లోనే టేకు దుంగలు ఆపింది. అందరూ తమ చెక్కను కాపాడుకుంటుంటే మనమే తలుపులు బార్లా తెరిచి కూర్చున్నాం. గట్టిగా సుంకం వేయాలి. మీరేమంటారు?

నకిరేకల్ నవీన్:
వేయాల్సిందే అన్నా.

లెక్కల సారు:
మీ లెక్కలో పెద్ద తప్పుంది. చిప్స్ వ్యాపారంలో టన్ను అంటే ఎముకలా ఎండిన టన్ను, అంటే నీటి బరువు మొత్తం తీసేసి లెక్కగట్టింది. మీరు అమ్మింది పచ్చి టన్ను. కొత్తగా కొట్టిన చెట్టు బరువులో ఇంచుమించు సగం నీళ్లే. అంటే వాళ్ల ఒక టన్నుకు మీవి రెండు టన్నులు. 12,750లో సగం 6,375. అది కూడా చెక్క ముక్కలు కొట్టి, రేవుకు చేర్చి, ఓడలో పోసిన రేటు, చేను గట్టు మీద రేటు కాదు. అక్కడి రైతు చేతికి ఎంత వస్తుందో దాన్నిబట్టి మీరే ఊహించుకోండి.

ఇంకోటి, మీ కాటా చీటీ ఒకసారి ఇక్కడ పెట్టండి. తేమ కింద ఎంత కోశారో చూద్దాం.

దేవరకొండ రైతు:
సారూ, తడో పొడో, 900 రూపాయలు ఎందుకు తగ్గిందో చెప్పండి.

మిర్యాలగూడ సా మిల్లు:
నేను చెప్తా. రష్యా, మయన్మార్ ఆపింది ఎగుమతి. నువ్వు ఆపమంటున్నది దిగుమతి. ఇవి రెండూ ఒకటి కాదు తమ్ముడూ. తమ దేశంలోనే కోత మిల్లులు నడవాలని వాళ్లు మొద్దులు ఆపారు. నువ్వు మొద్దులు రానివ్వకపోతే మూతపడేది నా మిల్లు. నేను గుజరాత్‌లోని కాండ్లా రేవు నుంచి పైన్ దుంగలు తెప్పిస్తాను, న్యూజిలాండ్‌ది, ఒక్కోసారి ఉరుగ్వేది. ప్యాకింగ్ పెట్టెలకు, సెంట్రింగ్ పలకలకు అదే పోతుంది. దానికీ నీ జామాయిల్‌కూ పోటీ ఎక్కడుంది? 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అడవి కొట్టుడుకు పగ్గం వేసినప్పటి నుంచి ఇక్కడి మొద్దు దొరకడం ఎంత కష్టమైందో మా నాయన్ని అడుగు. బయటి చెక్క రాకపోతే ఇంటి దర్వాజకు కూడా దిక్కులేదు.

అసలు ఈ మొద్దుల వ్యాపారం మొత్తం చైనా మూడ్ మీద నడుస్తుంది. 2020 చివర్లో ఆస్ట్రేలియా దుంగలు ఆపారు, 2023లో మళ్లీ రమ్మన్నారు. 2025 మార్చిలో అమెరికావి ఆపారు, నవంబర్‌లో మళ్లీ రానిచ్చారు. పురుగు ఉందంటారు. పురుగు చెక్కలో ఉందో రాజకీయంలో ఉందో మనకు తెలియనిదా! చైనాలో ఇండ్ల కట్టుడు తగ్గేసరికి న్యూజిలాండ్ వాళ్ల రేటు దబ్బున పడింది. నేను అంతకుముందే పై రేటుకు సరుకు కొని పెట్టుకుని రెండు నెలలు నిద్రపోలేదు. నష్టం నీ ఒక్కడికేనా?

హాలియా కుర్రోడు:
12 వేల చిప్స్ వస్తే 5 వేల కట్టె రేటు ఎట్ల పడిపోతది? కంపెనీ వాడికి మీదే చవక కదా 😀

లెక్కల సారు:
12 వేలు కాదు, పచ్చి లెక్కన 6,375. ఓడ కిరాయి అదనం. చిప్స్ తేలిక సరుకు, ఓడ నిండినా బరువు తూగదు, అందుకే వాటికి వేరే ఓడలే కట్టారు. ఓడల్లో తిరిగే చిప్స్‌లో చాలా భాగం కొనేది చైనా, జపాన్. అమ్మడంలో వియత్నాందే మొదటి స్థానం. మన కాగితం మిల్లులు ఎక్కువగా కొనేది మన రైతుల దగ్గరే, లోపల కట్టె కరువైతేనే బయటికి చూస్తాయి. దళారి మీకు చెప్పింది ఒక సాకు. కాటా చీటీ అడిగాను.

నల్గొండ నోటుబుక్కుల షాపు:
అందరూ చెక్క దగ్గరే ఆగిపోయారు. ఆగ్నేయాసియా దేశాలతో కుదిరిన ఆసియాన్ ఒప్పందం కింద 2014 నుంచి ఇండోనేషియా లాంటి దేశాల కాగితం మీద సుంకం సున్నా. చిప్స్ ఆపితే వాళ్లు అదే చెక్కను కాగితం చేసి పంపుతారు. నాకైతే ఎవరి కాగితమైనా ఒకటే, జూన్‌లో పిల్లలకు 100 పేజీల బుక్కు పాత రేటుకే అడిగే తల్లిదండ్రులతో వేగలేకపోతున్నా.

పాలమూరు బిడ్డ:
ఇంతసేపూ చదువుతున్నా. చైనా అంటారు, న్యూజిలాండ్ అంటారు. జామాయిల్ పెట్టిన చేను పక్క బోరు గురించి ఒక్కరూ మాట్లాడరేం? కర్ణాటక 2017లో కొత్త నీలగిరి (మన జామాయిలే) తోటలు పెట్టొద్దని ఉత్తర్వు ఎందుకిచ్చింది? మా అచ్చంపేట దిక్కు, మీ దేవరకొండ దిక్కు, నీళ్ల కోసం ఎంత లోతుకు పోతున్నామో అందరికీ తెలుసు. నీళ్లు అడుగంటినకొద్దీ ఫ్లోరైడ్ పెరుగుతుంది. రేటు పెరగాలట. పెరిగితే ఇంకో వంద ఎకరాలు పెడతారు.

దేవరకొండ రైతు:
జామాయిల్ ఒక్కటే నీళ్లు తాగుతదా? బత్తాయి తాగదా? వరి తాగదా? నా తోటకు మొదటి ఎండాకాలం తప్ప చుక్క నీళ్లు పెట్టలేదు. నా భూమి నా ఇష్టం.

పాలమూరు బిడ్డ:
పైనుంచి పెట్టలేదన్నా, కిందినుంచి అదే గుంజుకుంది. మా మామ చేను అట్లాంటి తోటను ఆనుకునే ఉంది, రెండు బోర్లు ఎండినయి. తోటాయన ఎక్కడుంటాడో తెలుసా, వనస్థలిపురంలో. నాలుగేండ్లలో మూడుసార్లు వచ్చిండు, మూడుసార్లూ కారు దిగకుండానే చూసిండు.

దేవరకొండ రైతు:
హైదరాబాద్‌లో ఉంటే రైతు కాదా? నేనూ ఎల్బీనగర్‌లోనే ఉంటున్నా. పిల్లల చదువులు. అంతమాత్రాన మా తాత భూమి నాది కాకుండా పోతుందా?

నకిరేకల్ నవీన్:
అన్నా నువ్వు ఊర్లో ఉంటున్నావనుకున్నా ఇన్నాళ్లూ.

పాలమూరు బిడ్డ:
గదీ సంగతి. సారూ, మీ తోటలో నాలుగేండ్లకు పని ఎన్ని రోజులు? మొక్క పెట్టిన నాలుగు రోజులు, కొట్టేటప్పుడు పది రోజులు. ఆ బెరడు ఒలిచే ముఠాను కూడా దళారి వేరే జిల్లా నుంచి లారీలో దింపుతాడు. అదే ఆరెకరాల్లో పత్తో కందో ఉన్నప్పుడు మా తండా ఆడోళ్లు ఆరు నెలలు మీ చేన్లోనే ఉండేవాళ్లు. ఇప్పుడు వాళ్లు బొంబాయి బస్సు ఎక్కుతున్నారు. మీకు సుంకం కావాలి, మాకు కలుపు పని కావాలి. నా కడుపుమంట అది. చైనాతో నాకేం పని?

దేవరకొండ రైతు:
కలుపు పనా? నాలుగేండ్ల కింద పత్తి ఏరడానికి మనిషి దొరక్క మా అమ్మ డెబ్బై ఏండ్ల వయసులో ఒక్కతే వంగి ఏరింది. ఆటో పంపినా రాలేదు మీ వాళ్లు. సగం పత్తి వానకు నల్లబడ్డది. ఆ ఏడే మొక్కలు తెచ్చి పెట్టా. సరదాకు పెట్టలేదు.

పాలమూరు బిడ్డ:
నువ్వు పెట్టకముందే ఊర్లో సగం చేన్లు తోటలైనయి. రెండు నెలల పని కోసం ఏడాదంతా ఎవడు కూర్చుంటాడు? ముందు పని పోయింది, తర్వాత మనుషులు పోయిండ్రు.

దేవరకొండ రైతు:
ముందు మనుషులే పోయిండ్రు.

మిర్యాలగూడ సా మిల్లు:
మీ ఇద్దరూ కొట్టుకోండి కానీ దుంగల మీద మాత్రం సుంకం అనొద్దు.

లెక్కల సారు:
వియత్నాంలోనూ చిప్స్ కోసం అకేసియా (తుమ్మ జాతి చెట్టు) పెట్టేది హెక్టారు రెండు హెక్టార్ల చిన్నోళ్లే, లక్షల కుటుంబాలు. సరే, అది పక్కన పెట్టండి. చీటీ?

పాలమూరు బిడ్డ:
అన్నా, కోపంలో సారూ అన్నా, ఏమనుకోకు. ఒక్కటి చెప్పు, ఇప్పుడు మోళ్లు తీయిస్తావా, ఉంచుతావా?

దేవరకొండ రైతు:
ఇంకా ఏమీ అనుకోలేదు తమ్ముడూ. మొన్నటి వానకు చిగుర్లు మోకాలెత్తు వచ్చినయట, పాలేరు ఫొటో పంపిండు. మోడు తీయాలంటే జేసీబీకే నాకు మిగిలింది సగం పోతుంది. ఉంచితే ఇంకో నాలుగేండ్లు ఖర్చు లేకుండా పెరుగుతుంది. అమ్మ మాత్రం తీసేయమంటుంది, కంది వేద్దామంటుంది. ఎవరు ఏరుతరే అంటే మాట్లాడదు.

లెక్కల సారు:
కాటా చీటీ పెడితే ఆ 900 లెక్క ఇప్పుడే తేల్చేస్తాను.

దేవరకొండ రైతు:
సారూ, చీటీ నా దగ్గర లేదు. కాటాకు దళారే పోయిండు. నేను ఆ రోజు ఆఫీసులో ఉన్నా.